చిన్న ట్రైలర్‌కి వెనక కెమెరా: బాడీకి చిల్లు పెట్టకుండా కుదురుతుందా?

ఫ్రిస్కో_గోదారోడు
సెకండ్ హ్యాండ్‌లో 17 అడుగుల కసీటా ట్రైలర్ తీసుకున్నాం. ఫైబర్‌గ్లాస్ బాడీ, ముందు వైపు బాత్‌రూమ్ ఉన్న మోడల్. లాగే కారు టయోటా హైల్యాండర్ వి6. కారు నుంచి ట్రైలర్ లైట్లకి కరెంటు ఇచ్చే ఏడు పిన్నుల కనెక్టర్ ఉంది, ట్రైలర్ బ్రేకులు పని చేయించే బ్రేక్ కంట్రోలర్ కూడా పెట్టించాను. లాగడం వరకు ఏ ఇబ్బందీ లేదు, వెనక్కి తీసేటప్పుడే చెమటలు పడుతున్నాయి.

మా హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు డ్రైవ్‌వేలో ట్రైలర్ పెట్టనివ్వరు. అందుకని స్టోరేజ్ యార్డ్‌లో స్లాట్ అద్దెకు తీసుకున్నాను. దానికి ఒక పక్క బస్సంత మోటర్‌హోమ్, ఇంకో పక్క ఎవరిదో పడవ. ట్రిప్ అయ్యాక పిల్లల్నీ సామాన్లనీ ఇంటి దగ్గర దింపేసి రాత్రి పూట ఒక్కడినే వెళ్లి పెట్టి రావాలి. వెనక నిలబడి చెప్పే మనిషి ఉండడు. కారుకున్న రివర్స్ కెమెరాలో ట్రైలర్ ముందు గోడ తప్ప ఏమీ కనపడదు. పైగా సెన్సార్లు ఒకటే గోల.

కెమెరా కిట్లు చూస్తే వంద డాలర్ల లోపు నుంచి ఐదారు వందల దాకా ఉన్నాయి. నాకు కావాల్సినవి రెండే. ఒకటి, బాడీకి కొత్త చిల్లు పెట్టకూడదు. వాన నీళ్లు లోపలికి దిగుతాయని నా భయం. రెండు, హైవే మీద పోతున్నప్పుడు కూడా వెనక వచ్చే బండ్లు కనపడాలి. ఈ సైజు ట్రైలర్‌కి ఎవరైనా పెట్టి ఉంటే ఏం పెట్టారో, ఎలా పెట్టారో చెప్పండి.

దిగిచూడు
17 అడుగులకి కెమెరానా? బండి ఆపు, దిగు, వెనక్కి వెళ్లి చూడు, ఎక్కు. ఖర్చు సున్నా. పెద్ద ట్రక్కులు నడిపేవాళ్లే అలా చేస్తారు.

అట్లాంటా_ఆవకాయ
పేరుకు తగ్గ సలహా.

ఫ్రీమాంట్_పద్మిని
దిగి చూసి, మళ్లీ ఎక్కి బెల్టు పెట్టుకునేలోపు వెనక పరిస్థితి మారిపోతుంది. క్యాంప్‌గ్రౌండ్‌లో సాయంత్రం పూట పిల్లలు సైకిళ్ల మీద ఎలా తిరుగుతారో మీరూ చూసే ఉంటారు. కార్లకి రివర్స్ కెమెరా తప్పనిసరి అయ్యిందే అందుకు. కామెరాన్ గుల్‌బ్రాన్సన్ అనే రెండేళ్ల బాబు, వాళ్ల నాన్న రివర్స్ చేస్తున్న బండి కిందే పడి చనిపోయాడు. ఆ బాబు పేరుతో 2008లో చట్టం వచ్చింది. కొత్త బండ్లన్నిటికీ కెమెరా ఉండాలన్న రూల్ పూర్తిగా అమలయ్యేసరికి 2018 మే వచ్చింది.

దిగిచూడు
ఆ రూల్ 10,000 పౌండ్ల లోపు బండ్లకి. ట్రైలర్లకి కాదు.

ఫ్రీమాంట్_పద్మిని
కాదు కాబట్టే మనం సొంతంగా పెట్టుకోవాల్సి వస్తోంది. ట్రైలర్ తగిలించిన మరుక్షణం కారుకున్న కెమెరా ఉండీ లేనట్టే కదా.

మల్టీమీటర్_మావ
వైర్‌దా, వైర్‌లెస్సా అనే పంచాయితీ తర్వాత పెట్టుకుందాం. ముందు తేల్చాల్సింది కెమెరాకి కరెంటు ఎక్కడ్నుంచి తీస్తావనేది. వైర్‌లెస్ అని అట్ట మీద ఉన్నా బొమ్మ మాత్రమే గాల్లో వస్తుంది, కెమెరాకి 12 వోల్టుల వైరు ఇవ్వాల్సిందే. మూడు దారులున్నాయి.

ఏడు పిన్నుల కనెక్టర్‌లో మధ్య పిన్ను రివర్స్ లైటుది. అక్కడ్నుంచి తీస్తే రివర్స్ గేర్ వేసినప్పుడే కెమెరా వెలుగుతుంది. నువ్వు హైవే మీద కూడా కావాలంటున్నావు, అది కుదరదు. పైగా వైర్‌లెస్ అయితే గేర్ వేసిన ప్రతిసారీ కెమెరా, స్క్రీన్ ఒకదాన్నొకటి వెతుక్కోవడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ముందుకీ వెనక్కీ నాలుగు సార్లు ఆడించే చోట ప్రాణం విసిగిపోతుంది. కొన్ని కార్లలో ఆ మధ్య పిన్నుకి అసలు వైరే కలపరు, ఖాళీగా వదిలేస్తారు.

రెండోది టెయిల్ లైట్ల లైను. పార్కింగ్ లైట్లు వేస్తే కెమెరా ఆన్, ఆపితే ఆఫ్. ఈ మధ్య ట్రైలర్లకి ఫ్యాక్టరీలోనే వెనక పైన కెమెరా బ్రాకెట్ పెట్టి, వైరు లాగి ఇస్తున్నారు, ఎక్కువగా ఫ్యూరియన్ అనే కంపెనీ కెమెరాకి సరిపడేది. అవి కూడా మామూలుగా ఈ లైను మీదే ఉంటాయి. పగలు బొమ్మ రావట్లేదని సర్వీసుకి తిరిగేవాళ్లలో చాలామంది లైట్ల స్విచ్ తిప్పరు, అంతే.

మూడోది ట్రైలర్ సొంత బ్యాటరీ. ఫ్యూజ్ పెట్టె నుంచి వైరు తీసి మధ్యలో స్విచ్ పెట్టుకుంటే నీ ఇష్టం వచ్చినప్పుడు వేసుకోవచ్చు. స్విచ్ ఆపడం మరిచిపోయావా, స్టోరేజ్‌లో నెల రోజులు ఉన్నాక బ్యాటరీ చచ్చి ఉంటుంది.

ఏ దారైనా కెమెరాకి విడిగా ఒక చిన్న ఫ్యూజ్ వెయ్యి, 2 లేదా 3 ఆంపియర్లు చాలు. ఈ కెమెరాలు అర ఆంపియర్ కూడా తాగవు.

ఫ్రిస్కో_గోదారోడు
మావా, టెయిల్ లైట్ లైనే నాకు సరిపోయేలా ఉంది. రాత్రి యార్డ్‌కి వెళ్లేసరికి లైట్లు ఎలాగూ వేసే ఉంటాయి. పగలు హైవే మీద డేటైమ్ లైట్లు వాటంతటవే వెలుగుతాయి, అవి చాలవా?

మల్టీమీటర్_మావ
చాలవు. అవి ముందు వైపే. వెనక టెయిల్ లైన్‌కి కరెంటు రావాలంటే నువ్వే స్విచ్ తిప్పాలి. ట్రైలర్ లాగేటప్పుడు పగలు కూడా లైట్లు వేసి నడపడం ఎలాగూ మంచిదే.

ఎన్‌జే_నెల్లూరు
వైర్‌లెస్ జోలికి వెళ్లొద్దు అన్నా. నాది అల్యూమినియం రేకు గోడల ట్రైలర్. వైర్‌లెస్ కిట్ పెడితే ఇంటి ముందు నిలబెట్టినంతసేపు బొమ్మ అద్దంలా వచ్చింది. టర్న్‌పైక్ (టోల్ హైవే) ఎక్కగానే నీలం స్క్రీన్, "సిగ్నల్ లేదు". పక్కన లారీ వచ్చినా పోతుంది, ట్రాఫిక్‌లో ఆగినా పోతుంది. కంపెనీ పేరెందుకులే, వాపస్ ఇచ్చేశాను.

అట్లాంటా_ఆవకాయ
అనలాగ్‌దా డిజిటల్‌దా?

ఎన్‌జే_నెల్లూరు
చౌకది.

అట్లాంటా_ఆవకాయ
అయితే అనలాగే అయి ఉంటుంది. అవి 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకే ఛానల్ పట్టుకుని కూర్చుంటాయి. వైఫై, బ్లూటూత్ అన్నీ అక్కడే తిరుగుతుంటాయి కాబట్టి కొట్టుకుంటాయి. డిజిటల్ రకం కూడా చాలావరకు అదే బ్యాండ్ వాడుతుంది, కాకపోతే ఛానల్ నుంచి ఛానల్‌కి గెంతుతూ ఉంటుంది, అందుకని అంత తేలిగ్గా తెగదు. పైగా గోదారోడిది ఫైబర్‌గ్లాస్ బాడీ. రేకు ఆపినట్టు ఫైబర్‌గ్లాస్ సిగ్నల్‌ని ఆపదు. నీ అనుభవం అతనికి పనికిరాదు.

ఎన్‌జే_నెల్లూరు
పనికిరాదని తేల్చేశావా! ట్రైలర్ ఫైబర్‌గ్లాసే. మధ్యలో ఉన్న కారు రేకు కాదా?

అట్లాంటా_ఆవకాయ
కారుకి చుట్టూ అద్దాలున్నాయి కదా సామీ. కసీటా, హైల్యాండర్ కలిపి కెమెరా నుంచి డ్యాష్‌బోర్డ్ దాకా 30 అడుగులకి అటూ ఇటూ. నేనూ దాదాపు అంతే దూరంలో డిజిటల్ కిట్ వాడుతున్నాను. స్మోకీ మౌంటెన్స్ మలుపుల్లో ఎప్పుడైనా ఒక్క క్షణం గడ్డకడుతుంది తప్ప పోలేదు.

దిగిచూడు
ఆ ఒక్క క్షణంలోనే గుద్దేది.

మల్టీమీటర్_మావ
ఈ ఒక్క విషయంలో దిగిచూడు మాటకి నా ఓటు. బొమ్మ ఆలస్యంగా రావడం అనేది ఎవరూ పట్టించుకోరు. గంటకి 2 మైళ్లంటే నడక కన్నా తక్కువ వేగం. ఆ వేగంలో కూడా బండి సెకనుకి మూడడుగులు వెనక్కి పోతుంది. బొమ్మ అర సెకను లేటైతే, నువ్వు చూస్తున్నది అడుగున్నర కిందటి సంగతి. మంచి డిజిటల్ కిట్లలో ఆలస్యం అంతకంటే బాగా తక్కువ ఉంటుంది. ఫోన్‌కి వైఫైతో బొమ్మ పంపే రకాల్లో మాత్రం కళ్లకి కనపడేంత ఉంటుంది. వాటిని హిచ్ (కారుకి ట్రైలర్ తగిలించే కొక్కెం) తగిలించుకునేటప్పుడు దాని బాల్ చూసుకోవడానికి వాడండి, రివర్స్‌కి వద్దు.

కొన్న రోజు ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోవచ్చు. కెమెరా ముందు చేతులు చప్పట్లు కొడుతూ స్క్రీన్ చూడు. చప్పుడు ముందొచ్చి బొమ్మ తర్వాత వస్తే తెలిసిపోతుంది.

ఫ్రిస్కో_గోదారోడు
మరి వైర్ రకం ఎంత కష్టం?

ఎన్‌జే_నెల్లూరు
నేను చివరికి అదే పెట్టాను. ట్రైలర్ కింద ఛాసిస్ వెంబడి ప్లాస్టిక్ గొట్టంలో కేబుల్ లాగి, ముందు నాలుగు పిన్నుల స్క్రూ కనెక్టర్, అక్కడ్నుంచి స్ప్రింగ్ కేబుల్, కారు డిక్కీ తలుపు రబ్బరు గుండా లోపలికి, సీలింగ్ పక్కనుంచి డ్యాష్‌బోర్డ్ దాకా. ఒక శనివారం మొత్తం నేల మీద పడుకునే ఉన్నాను. బొమ్మ మాత్రం వానైనా, వరదైనా కదలదు. ట్రైలర్ తగిలించినప్పుడల్లా ఇంకో కేబుల్ గుచ్చాలి, అదొక్కటే.

సియాటిల్_ముసురు
చిల్లు అంటే ఎందుకంత భయం? నువ్వు వద్దన్నా నీ కసీటాకి ఇప్పటికే బోలెడు చిల్లులున్నాయి. లోపల అల్మరాలు, అరలు బాడీకి బిగించింది రివెట్లతోనే. ప్రతి రివెట్టూ ఒక చిల్లే. నీళ్లు దిగేది చిల్లు ఉన్నందుకు కాదు, సీల్ సరిగ్గా లేనందుకు.

ఫైబర్‌గ్లాస్‌కి డ్రిల్ వేసేటప్పుడు పైన మాస్కింగ్ టేపు అంటించి, ముందు డ్రిల్‌ని రివర్స్‌లో తిప్పుతూ పై పొర, అదే జెల్‌కోట్, దాటించాలి. తర్వాత మామూలుగా తిప్పాలి. అలా చేస్తే పగుళ్లు రావు. చిల్లు అంచు కాస్త ఏటవాలుగా గీకితే ఇంకా మంచిది. బ్రాకెట్ కింద బ్యూటైల్ టేపు (జిగురుగా ఉండే రబ్బరు టేపు) పెట్టి బిగించి, చుట్టూ ఆర్‌వీ సీలెంట్, అంటే ఇలాంటి క్యాంపింగ్ బండ్లకి అమ్మేది, రాయి. నిలువు గోడకి కారిపోని రకం కొనాలి. రూఫ్ కోసం అమ్మేది దానంతటది పరుచుకునే రకం, గోడకి రాస్తే కిందికి జారి తోరణాలు కడుతుంది. హార్డ్‌వేర్ షాపు సిలికాన్ మాత్రం వద్దే వద్దు. ఒకసారి సిలికాన్ రాసిన చోట తర్వాత ఇంకేదీ అంటదు, అంతా గీకి తీయాల్సిందే.

ఫ్రిస్కో_గోదారోడు
ముసురు గారూ, మీరు చెప్పింది అర్థమైంది, అయినా నా చేత్తో ఫైబర్‌గ్లాస్‌లోకి డ్రిల్ దింపడానికి మనసు ఒప్పడం లేదు. అయస్కాంతంతో అంటుకునే బ్యాటరీ కెమెరాలు ఉన్నాయి కదా? పనయ్యాక తీసి లోపల పెట్టుకోవచ్చు.

అట్లాంటా_ఆవకాయ
ఫైబర్‌గ్లాస్‌కి అయస్కాంతమా?

కరీంనగర్_కొలంబస్
నవ్వి నవ్వి కాఫీ కీబోర్డు మీద పోసుకున్నా.

సియాటిల్_ముసురు
నవ్వకండి పాపం. వెనక బంపర్ ఇనుముదే, దానికి అంటుతుంది. కాకపోతే కసీటాకి స్పేర్ టైరు వెనకే ఉంటుంది కదా, అంత కింద పెడితే సగం బొమ్మ టైరే. బురద కూడా అక్కడికే ఎగురుతుంది.

ఫ్రీమాంట్_పద్మిని
మాది 13 అడుగుల స్కాంప్ ట్రైలర్, బాత్‌రూమ్ లేనిది. ముందు కిటికీ, వెనక కిటికీ ఎదురెదురు. కర్టెన్లు తీసి పెడితే కారు అద్దంలోంచి ట్రైలర్ గుండా వెనక బండి హెడ్‌లైట్లు కనపడతాయి. అందుకే చాలాకాలం కెమెరా పెట్టలేదు. తర్వాత పెట్టాం, అదీ వెనక కిటికీకి లోపలి నుంచి. చిల్లు లేదు, వాన లేదు, కరెంటు లోపలి లైను నుంచే. హైవే మీద చక్కగా కనపడుతుంది.

సియాటిల్_ముసురు
రాత్రి?

ఫ్రీమాంట్_పద్మిని
రాత్రి దాని ఇన్‌ఫ్రారెడ్ లైట్లు అద్దం మీద పడి స్క్రీనంతా తెల్లగా అయిపోతుంది. ఆ లైట్ల మీద నల్ల టేపు వేశాను. అప్పుడు వెనక బండ్ల లైట్లు కనపడతాయి కానీ చీకట్లో చెట్టు కనపడదు. గోదారోడిది రాత్రి పని కాబట్టి నా పద్ధతి అతనికి పనికిరాకపోవచ్చు.

ఇంకో మాట. కెమెరా పెట్టాం కదా అని అద్దాలు వదిలేయకూడదు. మా కాలిఫోర్నియాలో ట్రైలర్ వల్ల వెనక కనపడకపోతే రెండు వైపులా అద్దాలు ఉండాలి, 200 అడుగుల వెనక దాకా కనపడాలి. కెమెరా ఉందంటే కుదరదు. కారు అద్దాలకి తగిలించే టోయింగ్ అద్దాలు కొనుక్కోండి.

దిగిచూడు
కాలిఫోర్నియాలో ట్రైలర్‌తో గంటకి 55 మైళ్లు దాటకూడదు కూడా. వెనక ఎవరున్నారో కెమెరా ఎందుకు, అందరూ వెనకే ఉంటారు.

ఫ్రీమాంట్_పద్మిని
ఈ జోక్ బాగుంది, ఒప్పుకుంటాను.

కరీంనగర్_కొలంబస్
మా నాన్న ఊళ్లో ట్రాక్టర్ మీదే బతికిన మనిషి. వడ్ల బస్తాల తొట్టిని ఇరుకు సందులోంచి వెనక్కి తీసుకొచ్చి వాకిట్లో పెట్టేవాడు. ఇక్కడికి వచ్చినప్పుడు మా ట్రైలర్‌ని ఖాళీ పార్కింగ్ లాట్‌లో ఒకసారి తిప్పి చూపించమన్నా. స్క్రీన్ వైపు చూడనే లేదు. ఎడమ అద్దంలో ట్రైలర్ టైరు ఒక్కటే చూస్తూ పెట్టేశాడు. "గోడను చూస్తే గోడకే పోతవు, టైరును చూడు" అన్నాడు. అప్పటి నుంచి నేనూ టైరే చూస్తా. తొట్టి తోలినోడికి ఇదో లెక్కా.

మల్టీమీటర్_మావ
మీ నాన్నగారిది రెండు చక్రాల తొట్టి అయి ఉంటుంది. నాలుగు చక్రాల తొట్టికి ముందు ఇరుసు విడిగా తిరుగుతుంది, అంటే మలుపు రెండు చోట్ల. దాన్ని రివర్స్ తీయడం ఎవరికైనా గండమే. మన ట్రావెల్ ట్రైలర్‌కి ఒకటైనా రెండైనా ఇరుసులు మధ్యలో స్థిరంగా ఉంటాయి, మలుపు హిచ్ దగ్గర ఒక్కటే. అందుకని నేర్చుకోవడం తేలికే.

ఒక్క తేడా. ట్రైలర్ ఎంత పొట్టిదైతే అంత త్వరగా తిరిగిపోతుంది. 30 అడుగులది నిదానంగా కదులుతుంది, దిద్దుకోవడానికి టైం ఇస్తుంది. 13, 17 అడుగులవి కళ్లు మూసి తెరిచేలోపు కారు పక్కకి మడత పడతాయి. చిన్నదానికి కెమెరా ఎందుకన్న దిగిచూడు ఇది ఆలోచించాలి.

దిగిచూడు
మడత పడేది పక్కకి. నీ కెమెరా చూసేది వెనక్కి. మడత పడేది అద్దంలో కనపడుతుంది, కెమెరాలో కనపడదు. నేననేది అదే కదా.

మల్టీమీటర్_మావ
అది నిజం. స్టీరింగ్ కింది అంచు పట్టుకుని, ట్రైలర్ ఎటు పోవాలో చెయ్యి అటు జరపాలి. కళ్లు అద్దాల్లో. ఆగాల్సిన చోటు దగ్గర పడ్డాక స్క్రీన్. కెమెరా చెప్పేది ఎప్పుడు ఆపాలో, ఎటు తిప్పాలో కాదు.

అట్లాంటా_ఆవకాయ
చాలా కెమెరాల్లో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గీతలు వస్తాయి. అవి కారు కోసం వేసినవి. ట్రైలర్ వెనక గోడ ఎటు తిరుగుతుందో వాటికి తెలియదు. సెటింగ్స్‌లో ఆపేయండి, లేదా టేపు పెట్టి కొలిచి ఎర్ర గీత దగ్గర ఎన్ని అడుగులు మిగులుతాయో ఒకసారి చూసుకోండి.

అలాగే బొమ్మ కుడి ఎడమలు మార్చే స్విచ్చో వైరో ఉంటుంది. రివర్స్‌కి అద్దంలో చూసినట్టు ఉండాలి. స్క్రీన్‌లో కుడి వైపు కనపడే చెట్టు నీకూ కుడి వైపే ఉండాలి. ఇది చూసుకోకుండా రివర్స్ తీస్తే ఎటు తిప్పినా తప్పే.

ఎన్‌జే_నెల్లూరు
చెట్టు అంటే గుర్తొచ్చింది. కెమెరా పైన పెట్టి కిందికి వంచుతాం. అప్పుడు కెమెరాకి పైన ఉన్న కొమ్మ బొమ్మలో రాదు. కింద నేల అంతా ఖాళీగా కనపడుతుంది, పైన ఏసీ కవర్ పగులుతుంది. స్టేట్ పార్కుల్లో చాలా సైట్ల మీద కొమ్మలు కిందికే ఉంటాయి. ఇక్కడ మాత్రం దిగి చూడాల్సిందే.

దిగిచూడు
ధన్యవాదాలు.

సియాటిల్_ముసురు
ఆయన గెలిచినట్టే ఫీలవుతున్నాడు.

కరీంనగర్_కొలంబస్
ఊళ్లో అయితే క్లీనర్ ఉండేవాడు. "రానీ, రానీ, రానీ... హోల్డాన్" అని బాడీ మీద దబదబా బాదేవాడు. కెమెరా దండగ.

ఫ్రిస్కో_గోదారోడు
మా ఇంట్లో ఆ డ్యూటీ మా ఆవిడది. తను "ఇటు, ఇటు" అంటుంది, ఎటో నాకు కనపడదు. క్యాంప్‌గ్రౌండ్‌లో చుట్టుపక్కల వాళ్లంతా కుర్చీలేసుకుని చూస్తుంటారు.

ఫ్రీమాంట్_పద్మిని
మీ ఆవిడని అనడం కాదు, మీ అద్దంలో తను కనపడేలా నిలబడమని మీరు చెప్పారా? మేం ఫోన్ స్పీకర్లో మాట్లాడుకుంటాం. ఇటు, అటు అనం. డ్రైవర్ సైడు, ప్యాసింజర్ సైడు అంటాం. మనిషి అద్దంలో కనపడకపోతే వెంటనే బండి ఆపాలి, అదొక్కటే రూలు.

మల్టీమీటర్_మావ
అసలు పనికి వద్దాం. గోదారోడూ, టెయిల్ లైన్ నుంచి తీస్తానన్నావు. వైరు రంగు చూసి నమ్మొద్దు. ఇక్కడ రెండు పద్ధతులు నడుస్తున్నాయి. ఆర్‌వీ పద్ధతిలో టెయిల్ లైటు ఆకుపచ్చ, కుడి ఇండికేటర్ గోధుమ రంగు. మామూలు ట్రైలర్ల పద్ధతిలో సరిగ్గా తిరగేసి, టెయిల్ లైటు గోధుమ రంగు, కుడి ఇండికేటర్ ఆకుపచ్చ. మీటర్ పెట్టి, లైట్లు వేసి, ఇండికేటర్ వేసి, బ్రేకు తొక్కించి, ఏ వైరులో ఏం వస్తుందో చూసుకుని అప్పుడు కలుపు.

అట్లాంటా_ఆవకాయ
మావా ఇది చదివాక అర్థమైంది. మా ఫ్రెండ్ కొన్న పాత ట్రైలర్‌కి ఎవరో ముందే కెమెరా బిగించి ఉంచారు. కుడి ఇండికేటర్ వేస్తేనే బొమ్మ వచ్చేది, అదీ టిక్కు టిక్కుమంటూ. వాడు కెమెరా పోయిందనుకుని కొత్తది కూడా ఆర్డర్ పెట్టాడు.

మల్టీమీటర్_మావ
కెమెరాకి ఏ రోగమూ లేదు. కుడి వైరుకి కలిపారు, అంతే.

సియాటిల్_ముసురు
కలిపేటప్పుడు వైరు మీద పెట్టి నొక్కే చిన్న ప్లాస్టిక్ క్లిప్పులు వాడొద్దు. వాన తగిలితే లోపల పచ్చగా పూత పడుతుంది, ఏడాది తిరక్కుండానే బొమ్మ వణుకుతుంది. వేడి చేస్తే ముడుచుకునే ట్యూబు ఉన్న కనెక్టర్లు, లోపల జిగురు ఉన్న రకం తీసుకో. కెమెరా కూడా నీళ్లు, దుమ్ము తట్టుకునే రేటింగ్ ఐపీ67కి తక్కువ కాకుండా చూడు, ఐపీ69కే అయితే ప్రెషర్ వాషర్‌కి కూడా తట్టుకుంటుంది.

ఫ్రిస్కో_గోదారోడు
ఒక ఆలోచన వచ్చింది, తప్పుంటే చెప్పండి. డిజిటల్ వైర్‌లెస్ కిట్. కెమెరా బ్రాకెట్‌ని ఒక అల్యూమినియం పలకకి బిగించి, ఆ పలకని వెనక కిటికీ పైన వీహెచ్‌బీ టేపుతో (రెండు వైపులా గట్టిగా అంటుకునే టేపు) అంటిస్తాను. టెయిల్ లైటు బిగించిన చోటే వెనక వైర్లు ఉన్నాయి, అక్కడ్నుంచి కరెంటు. వైరుని బయట నుంచే సన్న ప్లాస్టిక్ పట్టీలో పైకి లాగుతాను. కొత్త చిల్లు ఒక్కటి కూడా ఉండదు.

సియాటిల్_ముసురు
కుదురుతుంది. పాత మైనం పాలిష్ ఉంటే ముందు అది తీసెయ్, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడువు. చలిలో అంటించొద్దు, కనీసం 50 ఫారన్‌హీట్ ఉండాలి, 70 పైన అయితే ఇంకా మేలు. గట్టిగా నొక్కి మూడు రోజులు వదిలెయ్, పూర్తి పట్టు రావడానికి 72 గంటలు పడుతుంది. అంటించిన సాయంత్రమే హైవే ఎక్కకు. నాకైతే దానికి తోడు ఒక సన్న స్టీల్ తీగ కట్టి కిటికీ ఫ్రేముకో దేనికో తగిలించాలనిపిస్తుంది. టేపు ఊడినా కెమెరా వెనక బండి అద్దం మీద పడదు.

మల్టీమీటర్_మావ
సరే. గ్రౌండ్ వైరు కూడా టెయిల్ లైటు తెల్ల వైరు నుంచే తీసుకో. ఫైబర్‌గ్లాస్ బాడీకి స్క్రూ బిగించి గ్రౌండ్ అనుకుంటే కుదరదు.

కరీంనగర్_కొలంబస్
అయస్కాంతానికి అన్నయ్య అది.

ఎన్‌జే_నెల్లూరు
స్క్రీన్ ఎక్కడ పెడుతున్నావు? వాక్యూమ్ రబ్బరుతో అద్దానికి అంటిస్తే మీ టెక్సాస్ ఎండకి మధ్యాహ్నం పూట ఊడి ఒళ్లో పడుతుంది.

ఫ్రిస్కో_గోదారోడు
డ్యాష్‌బోర్డ్ మీద బరువుగా కూర్చునే ఇసుక సంచీ స్టాండు తీసుకుంటున్నా. 7 అంగుళాలది పెద్దదైపోతుందేమో, 5 చాలా?

అట్లాంటా_ఆవకాయ
హైవే మీద వెనక బండి ఎంత దూరంలో ఉందో 5లో తెలియదు. 7 తీసుకో. వెలుగు తగ్గించే బటన్ ముందు వైపు ఉన్నది చూడు. మెనూలోకి వెళ్లి తగ్గించేది అయితే రాత్రి నడుపుతూ తంటాలు.

ఫ్రిస్కో_గోదారోడు
అప్‌డేట్. పెట్టేశాను. ముసురు గారు చెప్పినట్టు మూడు రోజులు ఆగి, స్టీల్ తీగ కూడా కట్టి, ఇంక్స్ లేక్ స్టేట్ పార్క్‌కి వెళ్లొచ్చాం. రానూపోనూ బొమ్మ తెగలేదు. హైవే మీదే దీని విలువ ఎక్కువ తెలిసింది. 18 చక్రాల లారీ వెనక నుంచి వచ్చి దాటేటప్పుడు గాలికి ట్రైలర్ ఊగుతుంది కదా, ఇప్పుడు అది ముందే కనపడుతోంది కాబట్టి స్టీరింగ్ పట్టుకుని సిద్ధంగా ఉంటున్నాను. లేన్ మారి లోపలికి రావాలంటే వెనక ఎంత ఖాళీ ఉందో మెడ తిప్పకుండా తెలుస్తోంది.

బొమ్మ అడుగున స్పేర్ టైరు కవరు అంచు వస్తోంది. మొదట చిరాకేసింది. ఇప్పుడు అదే కొలత, ఆ అంచు దాకా వస్తే ఆపేయాలి.

యార్డ్‌లో రాత్రి సంగతి: వెనక కంచె బాగా కనపడుతుంది. పక్కన పడవ మాత్రం చివరి వరకు కనపడదు, దానికి అద్దాలే గతి. ట్రైలర్ ఎర్ర లైట్ల వెలుగు కూడా బొమ్మలో ఒక పక్క పడుతోంది, కెమెరాని వేలెడంత పైకి వంచితే పోయింది.

దిగిచూడు
పడవ వైపు చూడ్డానికి ఏం చేశావు?

ఫ్రిస్కో_గోదారోడు
పడవ ముక్కు ఎదురుగా నేల మీద ఒక ఆరెంజ్ కోన్ పెట్టుకుంటున్నా. అద్దంలో అది కనపడుతుంది. దాన్ని పెట్టడానికి దిగక తప్పదు, సంతోషమేనా?

దిగిచూడు
సంతోషం. కోన్ తీసుకోవడం మర్చిపోకు.

మల్టీమీటర్_మావ
సెన్సార్ల గోల తగ్గిందా?

ఫ్రిస్కో_గోదారోడు
ట్రైలర్ తగిలించినప్పుడల్లా మెనూలో ఆపుతున్నాను మావా.

మల్టీమీటర్_మావ
మంచిది. కొన్ని కార్లు వెనక ఏదో ఉందని తమంతట తామే బ్రేకు కూడా వేస్తాయి. ఎవరికైనా రివర్స్‌లో కారు ఉన్నట్టుండి ఆగిపోతుంటే ముందు ఆ సెటింగ్ చూసుకోండి.

కరీంనగర్_కొలంబస్
ఇదే కిట్ నేనూ తీసుకుందామనుకుంటున్నా. మాది ఇప్పుడు హోండా ఒడిస్సీ వ్యాన్, దానికి నాలుగు పిన్నుల కనెక్టరే ఉంది. టెయిల్ లైన్ నుంచి తీస్తే పని చేస్తుందా?

మల్టీమీటర్_మావ
కెమెరా వరకు పని చేస్తుంది. నాలుగు పిన్నుల్లో గ్రౌండ్, టెయిల్, కుడి, ఎడమ ఉంటాయి, టెయిల్ ఉంది కాబట్టి చాలు. కానీ అందులో ట్రైలర్ బ్రేకుల లైను లేదు, బ్యాటరీ ఛార్జింగ్ లైను లేదు. ఒడిస్సీ లాగగలిగేది 3,500 పౌండ్లు, అదీ మనుషులు, సామాను తక్కువ ఉంటేనే. మీ ట్రైలర్ బరువెంత, దానికి ఎలక్ట్రిక్ బ్రేకులున్నాయా?

కరీంనగర్_కొలంబస్
ఉన్నాయి. బరువు కాటా మీద పెట్టి చూడలేదు.

మల్టీమీటర్_మావ
కెమెరా పక్కన పెట్టి ముందు కాటా దగ్గరికి తీసుకెళ్లు. ట్రక్ స్టాపుల్లో ఉంటాయి. ఆ నంబర్లతో కొత్త థ్రెడ్ పెట్టు, బ్రేకుల వైరింగ్ అక్కడ చెప్తాను.